ఎన్ని వరుసలైన అనంతమగును?

భాస్కరాచార్యుడు 1150వ సంవత్సర ప్రాంతమున రచించిన బీజగణితమునందు 'ఖహరము' అను ఒక రాశి కలదు. ఏ సంఖ్యనైనను శూన్యముచే భాగింపగా లభించునది ఖహరము. దానికి ఎంత కూడినను అది పెరుగదు. దానినుండి ఎంత తీసివేసినను అది తఱుగదు. మనము అనంతమనునది అట్టిది. లెక్క చేయువానికి ఈ రాశి మిక్కిలి అనుకూలము. అనంతమునకు మొదలు లేదు, తుద లేదు. కావున మొదటను తుదను ఏమి జరుగునో విచారింప బనిలేదు. కాని పనివాని చేతిలోని వస్తువునకు మొదలును తుదయు కలవు. నాలుగు అంచులు కలవు. లెక్కలోని అనంతమునకును చేతిలోని పరిమితమునకును నడుమ ఎంత దూరము కలదో, ఆ దూరమును గుర్తింపనివాడు ఎట్లు మోసపోవునో, నేటి భౌతికశాస్త్రమునుండి ఒక్క ఉదాహరణముతో వివరింపవలెనని నా సంకల్పము.

ఆ ఉదాహరణము, పరారుణ కిరణములను లోబఱచుకొనుటకై నిర్మింపబడుచున్న సూక్ష్మఫలకములు. శాస్త్రజ్ఞులు వానిని మెటాసర్ఫేసులందురు. పేరు క్రొత్తది. విషయము మాత్రము అద్దము, వీణ, గంట, వరిమడి మొదలైన ఎఱిగిన వస్తువులతోనే తెలియదగినది.

మొదట పరారుణమన నేమో చెప్పెదను. 1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజు పట్టకము గుండ ప్రసరింపజేసి, ఏ రంగునందు ఎంత వేడిమి కలదో ఉష్ణమాపకములతో కొలుచుచుండెను. ఎఱుపు రంగునకు ఆవల, కంటికి ఏమియు కనబడని చోట నుంచిన ఉష్ణమాపకము రంగులలో నుంచిన వానికంటె హెచ్చు వేడిమిని చూపెను. అరుణమునకు ఆవలిది కావున దానికి పరారుణమని పేరు. కంటికి కనబడు వెలుగుయొక్క తరంగదైర్ఘ్యము 0.4 మొదలు 0.7 మైక్రానుల వఱకు ఉండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ పాలు. మన శరీరము, ఇంటి గోడ, పొయ్యి మీదినుండి దింపిన కుండ, ఇవి యన్నియు చీకటిలోను పరారుణమును వెలువరించుచునే యుండును. మనుష్య శరీరపు వేడిమియందు ఆ కిరణములు మిక్కిలి బలముగా నుండు తరంగదైర్ఘ్యము 9 మొదలు 10 మైక్రానుల ప్రాంతము. 8 మొదలు 14 మైక్రానుల వఱకు గల కిరణములు గాలిలో అంతగా అణగారక దూరము పోగలవు. చీకటిలో మనుష్యుని చూపు ఉష్ణచిత్ర యంత్రములు ఈ కిరణములనే పట్టుకొనును. 2003లో సార్స్ వ్యాధి ప్రబలినప్పుడు విమానాశ్రయములందు జ్వరపీడితులను గుర్తించుటకు ఇట్టి యంత్రములనే నిలిపిరి.

ఇక సూక్ష్మఫలకము మాట. ఒక పలుచని పలకపై బంగారముతోనో సిలికానుతోనో చేసిన మిక్కిలి చిన్న తునుకలను, కడ్డీలుగనో, ఉంగరములుగనో, చతురస్రపు చట్రములుగనో, వరుసలు తీర్చి నిలుపుదురు. ఒక్కొక్క తునుక తాను పట్టవలసిన తరంగముకంటె చిన్నది. దీని పని రేడియో ఏరియల్ పనివంటిదే. తీగకు తగిన పొడవున్నచో తగిన తరంగమునకు అది ఊగును. ఊయలను దాని లయ నెఱిగి త్రోసిన ఎట్లు పెద్దగా ఊగునో, అట్లే లోహములోని విద్యుత్తు తనకు నచ్చిన తరంగము తగిలినపుడు పెద్దగా ఊగును. దీనికి అనునాదమని పేరు. మధ్యమ తరంగములపై ప్రసారము చేయు రేడియోకు తరంగదైర్ఘ్యము వందలకొలది మీటర్లు. ఇచ్చట పది మైక్రానులు. కొలత మాఱినది గాని ధర్మము మాఱలేదు.

ఒక్క తునుక చేయగలది స్వల్పము. వరుసలు తీఱి నిలిచినపుడే బలము. సైనికులు వరుసలు తీఱి నిలుచుటను మన పెద్దలు వ్యూహమనిరి. కావున ఈ ప్రసంగమున నేను మెటాసర్ఫేసును 'వ్యూహఫలకము' అని పిలిచెదను. వ్యూహఫలకము ఒక తరంగమును ప్రతిఫలింపజేసి వేఱొకదానిని పోనీయగలదు. వచ్చిన వేడికిరణమును పూర్తిగా మ్రింగగలదు. తునుకల ఆకారమును క్రమముగా మార్చుచు పోయినచో, కిరణమును కోరిన దిక్కునకు త్రిప్పగలదు. 2011లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫెడెరికో కపాసో బృందమువారు సిలికాను పలకపై ఆంగ్లాక్షరము 'వి' ఆకారముగల బంగారు తునుకలను అమర్చి, 8 మైక్రానుల పరారుణ కిరణమును కోరిన దిక్కునకు వంచి చూపిరి. ఈ ప్రయోగమును మనము మరల తలచుకొందము.

ఇట్టి ఫలకమునందు తునుకలు వేలు, లక్షలు ఉండును. అయిదేసి మైక్రానుల ఎడమున అమర్చినచో ఒక్క చదరపు మిల్లీమీటరులో 40,000 తునుకలు పట్టును. ఇన్నింటి నడవడిని లెక్కించుట ఎట్లు? ప్రతి తునుకయు తన తోడి తునుకలన్నిటితోను మాటలాడుచుండును గదా! ఇచ్చటనే గణితజ్ఞుడు ఖహరమును శరణుచొచ్చును. మీరు క్షౌరశాలలో ఎదురెదురుగా నున్న రెండు నిలువుటద్దముల నడుమ కూర్చుండి చూచియుందురు. కుర్చీ ఒక్కటే, కాని అద్దములో కుర్చీ వెనుక కుర్చీ, అంతులేని వరుస కనబడును. లెక్క చేయువాడును అట్లే ఒక్క తునుకను తీసికొని, దాని నాలుగు ప్రక్కల అద్దములవంటి గణిత నియమములను నిలుపును. ఇట్టి ఆవృత్తిగల అమరికల గణితమునకు ఫ్రాన్సు దేశీయుడైన ఫ్లొకే 1883లోను, స్ఫటికములలోని ఎలక్ట్రానులను గూర్చి ఫెలిక్స్ బ్లాఖ్ 1928లోను దారి వేసిరి. ఒక్క తునుక లెక్కతో అనంత వ్యూహపు ఫలము చేతికి వచ్చును. ఇది గొప్ప యుక్తి. దీనిని నేను నిందింపను. ఈ యుక్తి లేనిదే ఈ శాస్త్రమే లేదు.

కాని కర్మాగారమునుండి వచ్చిన ఫలకము అద్దముల నడుమ లేదు. దాని చివరి వరుసకు ఒక ప్రక్క తోడు లేదు. లెక్కలో ఒక తరంగమును నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు మ్రింగవలసిన ఫలకము కొలతలో డెబ్బది పాళ్ళే మ్రింగినదనుకొందము. అప్పుడు శోధకుడు బంగారము మంచిది కాదనును, తునుకలు సరిగా చెక్కబడలేదనును. అపరాధము బంగారమునదియు కాకపోవచ్చును, చెక్కినవానిదియు కాకపోవచ్చును. లెక్కలో అనంతమని వ్రాసి, పలకపై పది వరుసలు మాత్రము పెట్టినవానిది కావచ్చును. పరిమితమైన వ్యూహము అనంత వ్యూహమునకు నాలుగు విధముల భేదించును. వానిని వరుసగా చెప్పెదను.

మొదటిది అంచున నున్నవాని ఒంటరితనము. వరి పండించువారికి ఇది తెలిసినదే. గట్టు ప్రక్క వరుసలోని దుబ్బు నడిమి దుబ్బువలె పెరుగదు. దానికి ఒక ప్రక్క పోటీ లేదు, వెలుతురు హెచ్చు. అందుచేతనే వ్యవసాయ పరిశోధనా క్షేత్రములందు దిగుబడిని పరీక్షించువారు అంచు వరుసలను విడిచి నడిమి భాగమునే కోసి తూచుదురు. వ్యూహఫలకమందును అంచు తునుకకు ఒక ప్రక్కనుండి రావలసిన ప్రేరణ రాదు. కావున దాని అనునాదము కొంత జరుగును. ఇట్టి తునుకలు ఎన్ని? చిన్న లెక్క చేయుదము. అయిదు వరుసలు, వరుసకు అయిదు చొప్పున 25 తునుకలున్నచో, అంచుననే 16 ఉన్నవి. అనగా నూటికి 64. పదింట పది, మొత్తము 100 ఉన్నచో అంచున 36. నూఱింట నూఱు, మొత్తము 10,000 ఉన్నచో అంచున 396; నూటికి నాలుగు మాత్రమే. చిన్న మడిలో గట్టు పంటయే పంట. పెద్ద మడిలో గట్టు పంట లెక్కకు రాదు.

రెండవది కిరణము విచ్చిపోవుట. అనంత ఫలకము తగిన తరంగమును ఒక్క దిక్కునకే సూటిగా పంపును. పరిమిత ఫలకమునుండి వెడలిన కిరణము కొంత విచ్చుకొనును. ఎంత విచ్చుకొనునో తెలియుటకు తరంగదైర్ఘ్యమును ఫలకపు వెడల్పుచే భాగించిన చాలును. కోణము స్థూలముగా వచ్చును. దీనికి మన తెలుగుదేశముననే గొప్ప సాక్ష్యము కలదు. తిరుపతికి చేరువనున్న గాదంకియందు జాతీయ వాయుమండల పరిశోధనాలయమున ఒక మహారాడారు కలదు. నింగిలోని గాలుల పోకడను కొలుచుటకు అచ్చట సుమారు 130 మీటర్ల పొడవును అంతే వెడల్పును గల నేలపై 32 వరుసలుగా, వరుసకు 32 చొప్పున 1024 యాగీ ఏరియళ్ళు నిలిపియున్నారు. దాని తరంగదైర్ఘ్యము 5.66 మీటర్లు. దీనిని 130చే భాగించి కోణముగా మార్చిన రెండున్నర డిగ్రీలు వచ్చును. ఆ రాడారు కిరణపు విప్పు సుమారు మూడు డిగ్రీలు. చేతి లెక్కకును నేలమీది యంత్రమునకును ఎంత పొత్తు కుదిరినదో చూడుడు! అదే సూత్రముచే, 100 మైక్రానుల వెడల్పుగల పరారుణ ఫలకము 10 మైక్రానుల కిరణమును సుమారు ఆఱు డిగ్రీలు విచ్చిపోనిచ్చును. ఎంత చక్కని తునుకలు చెక్కినను ఈ విప్పు తగ్గదు. ఫలకమును పెద్దది చేసిననే తగ్గును.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: అనునాదపు పదును. వీణకు శ్రుతి చేయువాడు రెండు తంత్రులను మీటి చెవియొగ్గి వినును. రెండింటికి సెకనునకు పది కంపనముల భేదమున్నచో వెంటనే తెలియును. ఒక్క కంపనము మాత్రమే భేదమున్నచో, ఒక సెకను పాటైనను వినక ఆ భేదము తెలియదు. సూక్ష్మభేదమును గుర్తించుటకు దీర్ఘముగా వినవలెను. ఇది చెవి దోషము కాదు, తరంగముల ధర్మము. కాలమున దీర్ఘముగా వినుట ఎట్టిదో, ప్రదేశమున పెక్కు వరుసలు ఉండుట అట్టిది.

ఈ ధర్మము పాతదే. 1785లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ అను పెద్దమనిషి పట్టు చేతిరుమాలు గుండ వీథిదీపమును చూచి, అందు కనబడిన గీతల వింతకు కారణమేమని తన మిత్రుడైన డేవిడ్ రిట్టెన్‌హౌస్‌ను అడిగెను. రిట్టెన్‌హౌస్ వెండ్రుకలను సమాంతరముగా బిగించి ఒక జాలకము చేసి, దాని గుండ వెలుగును చూచి పరీక్షించెను. మీరును సన్నని పట్టుగుడ్డ గుండ రాత్రివేళ దూరపు దీపమును చూచిన ఆ వింత కొంత కనబడును. పిమ్మట రేలీ ప్రభువు 1874లో ఇట్టి జాలకములు ఎంతటి సూక్ష్మభేదమును విడదీయగలవో నిర్ణయించెను. మొదటి తరగతి వర్ణపటమునందు జాలకమునకు ఎన్ని గీతలో దాని విభజనశక్తియు అంత. ఉప్పు మంటలోని పసుపు వెలుగునందు 589.0, 589.6 నానోమీటర్ల రెండు రేఖలు కలవు. వాని భేదము దాదాపు వేయింట ఒక పాలు. వానిని మొదటి తరగతిలో విడదీయుటకు జాలకమునకు దాదాపు వేయి గీతలు కావలెను. నూఱు గీతలు ఎంత చక్కగా గీచినను ఆ రెండు రేఖలును ఒక్కటిగనే కనబడును. ఇచ్చట సంఖ్యయే గుణము.

వ్యూహఫలకమునకును ఇదియే వర్తించును. అనునాదపు పదునును తెలుపుటకు శాస్త్రజ్ఞులు నాణ్యతాంకమను సంఖ్యను వాడుదురు. కొయ్యపలకను కొట్టిన టక్కున మ్రోగి ఆగును. దాని నాణ్యతాంకము స్వల్పము. దేవాలయపు గంటను కొట్టిన చాలసేపు మ్రోగును. దాని నాణ్యతాంకము అధికము. ఈ సంఖ్యను 6.28తో భాగించిన వచ్చునన్ని ఊపులు గడచునప్పటికి ఫలకమున నిలిచిన శక్తి మూడవ వంతునకు కొంచెము పైబడి మిగులును. ఆ లోపల వెలుగు ఊరకుండదు. తునుకనుండి తునుకకు ప్రక్కలకు ప్రాకుచుండును. అది ఆఱిపోవులోపల ఎంత దూరము ప్రాకునో, అంత దూరము వఱకు తోడి తునుకలు ఉండవలెను. మధ్యలోనే అంచు తగిలినచో వెలుగు అచ్చట చెదరి బయటికి పోవును. గంటను మ్రోగుచుండగా చేతితో పట్టుకొన్నట్లగును.

ఉదాహరణమునకు 10 మైక్రానుల కిరణమును, అయిదేసి మైక్రానుల ఎడమున నిలిపిన తునుకలను తీసికొందము. బంగారు తునుకలలో కొంత శక్తి వేడిగా మాఱి నశించును గనుక వాని నాణ్యతాంకము స్వల్పము. అది 6 అనుకొన్నచో, ఒక్క ఊపులో మ్రోత తఱిగిపోవును. ఆ ఊపు కాలమున వెలుగు పోగల దూరము హెచ్చన్నను పది మైక్రానులు. అనగా ఇరుప్రక్కల రెండేసి తునుకలు. ఇట్టి వ్యూహమునకు నాలుగైదు వరుసలున్నను అనంతమునకు కొంత దగ్గఱగనే ప్రవర్తించును. సిలికాను తునుకలను యుక్తిగా అమర్చి నాణ్యతాంకమును 200 చేసినామనుకొందము. అప్పుడు 32 ఊపులు నిలుచును. వెలుగు అడ్డులేక పోయినచో 320 మైక్రానులు ప్రాకును. ఇరుప్రక్కల 64 చొప్పున వందకు పైబడిన వరుసలు కావలెను. అదే కిరణము, అదే ఎడము. ఒకదానికి అయిదు వరుసలు అనంతము. వేఱొకదానికి ఏబది వరుసలును అనంతము కావు. వెలుగు మెల్లగా ప్రాకునట్టి అమరికయైనచో కొన్ని వరుసలు తగ్గవచ్చును. కాని పదును పెరిగినకొలది వరుసలు పెరుగవలెనను ధర్మము తప్పదు.

ఇది ఊహ మాత్రము కాదు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో సూక్ష్మతరంగములతో దీనిని పరీక్షించిరి. చీలిన ఉంగరములవంటి తునుకల సంఖ్యను పెంచుచు పోగా అనునాద రేఖ సన్నబడుచు వచ్చెను. తునుక మాఱలేదు, లోహము మాఱలేదు. సంఖ్య మాఱినది, గుణము మాఱినది. అనంత ఫలకమునందైనచో వెలుగు ఎన్నటికిని బయటపడకుండ లోననే చిక్కుపడునట్టి అమరికలును గణితమున కలవు. అట్టి చిక్కును 1929లో వాన్ నోయ్‌మన్, విగ్నర్ అను ఇరువురు ఎలక్ట్రాను విషయమున సూచించిరి. కాని ఏ ఫలకమునకైనను అంచులుండుటచేత, ఆ బందిఖానకు ఎప్పుడును ఒక తలుపు తెఱచియే యుండును.

నాలుగవది అంచునుండి మరలివచ్చు అల. చెఱువులో ఱాయి వేసిన అల గట్టును తాకి వెనుకకు వచ్చునట్లు, ఫలకముపై ప్రాకు విద్యుత్తరంగము అంచును తాకి మరలును. పోవు అలయు వచ్చు అలయు కలిసి, కొన్ని తునుకలలో విద్యుత్తు హెచ్చుగను, కొన్నింట తక్కువగను ఉండును. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున పనిచేసిన బెన్ మంక్ ఈ విషయమును రాడారు ఫలకముల సందర్భమున విపులముగా పరిశోధించి, 2003లో పరిమిత వ్యూహములను గూర్చి ఒక గ్రంథమునే ప్రకటించెను. తునుకల ఎడము తరంగదైర్ఘ్యములో సగముకంటె తక్కువైనపుడు, పరిమిత వ్యూహములందు మాత్రమే పుట్టునట్టి ఒకానొక అల కలదని ఆయన చూపెను. అది అనునాద స్థానమున గాక, దానికంటె నూటికి ఇరువది ముప్పది పాళ్ళు తక్కువ పౌనఃపున్యమున తల యెత్తును. అనంతముగా లెక్కించినవానికి అది కలలోను కనబడదు. పరారుణమునందు లోహములు శక్తిని కొంత హరించును గావున ఈ అల దూరము పోకమునుపే నీరసించును. లోహపు లోపమే ఇచ్చట ఒక విధమున మేలు చేయుచున్నది.

ఇంతవఱకు చెప్పినది శాస్త్రము. దీనివలన లోకమునకు కలుగు చిక్కేమందురా? రెండు తావులు చూపెదను.

నేటి ఉష్ణచిత్ర యంత్రములందు చిత్రమును కూర్చు ఒక్కొక్క మడి వెడల్పు క్రమముగా 25 మైక్రానులనుండి 17కును, అటనుండి 12కును తగ్గినది. మడి చిన్నదైన కొలది చిత్రము సూక్ష్మమగును, యంత్రము చిన్నదగును. ఆ మడులపై వేడికిరణములను చక్కగా మ్రింగు వ్యూహములను నిలుపవలెనని పెక్కుమంది కోరుచున్నారు. కాని 12 మైక్రానుల మడిలో అయిదు మైక్రానుల ఎడముగల వరుసలు ఎన్ని పట్టును? రెండు! ఆ రెండు వరుసలలో నడిమి తునుక యనునదే లేదు; నాలుగు తునుకలును అంచువే. ఇట్టిచోట అనంతపు లెక్క ఎంతవఱకు పనికివచ్చును? మడి పరిమాణము కిరణపు తరంగదైర్ఘ్యముతో సమానమగుచున్నపుడు అంచు లెక్కయే లెక్క.

రెండవ తావు వ్యాధి నిదానము. స్విట్జర్లాండులోని లోజాన్ నగరపు సాంకేతిక విద్యాలయ పరిశోధకులు 2018లో ఒక పలకపై నూఱు మడులు ఏర్పఱచి, ఒక్కొక్క మడి ఒక్కొక్క తరంగదైర్ఘ్యమునకు పదునుగా అనునదించునట్లు సిలికాను తునుకలను తీర్చిరి. ప్రోటీను అణువులు 6 మైక్రానుల ప్రాంతపు పరారుణమును తమకు తగినట్లు మ్రింగును. ఏ మడి వెలుగు ఎంత తగ్గినదో చూచిన, పలకపై పడిన అణువు ఏదో వ్రేలిముద్రవలె తెలియును. రక్తపు బొట్టులోని అతిస్వల్ప ద్రవ్యమును ఇట్లు గుర్తింపవచ్చునను ఆశ కలదు. మడులు చిన్నవైన ఒక్క పలకపై పెక్కు పరీక్షలు చేయవచ్చును. కాని మడి చిన్నదైన వరుసలు తగ్గును. వరుసలు తగ్గిన పదును పోవును. పదును పోయిన ప్రక్క ప్రక్క మడుల వ్రేలిముద్రలు అలుకుకొని పోవును. పెద్దవి చేయుదమన్న, ఎలక్ట్రాను కిరణముతో ఒక్కొక్క తునుకను గీచు పని మిక్కిలి మెల్లనిది. వెడల్పు రెట్టింపైన కాలము నాలుగింతలగును. కావున ఎన్ని వరుసలు చాలునను ప్రశ్న ధనమునకును, కాలమునకును, నిదానపు నమ్మికకును సంబంధించినది.

కొలుచువారు పడదగిన పొరపాట్లును రెండు కలవు. ఫలకముకంటె వెలుగు మచ్చ పెద్దదైనచో, ఫలకమున పడని వెలుగు బోసి పలకను తాకి కొలతలో కలిసిపోవును. హార్వర్డు ప్రయోగమును మరల తలచుకొందమంటిని. ఆ పరిశోధకులు సుమారు 100 మైక్రానుల వ్యాసార్ధముగల కిరణమునకు చోటు చాలునట్లు తమ వ్యూహమును 230 మైక్రానుల పొడవు వెడల్పులతో నిర్మించిరి. వారి తునుకల క్రమము 11 మైక్రానులకు ఒకసారి ఆవృత్తమగును గావున సుమారు 21 ఆవృత్తులు పట్టినవి. లోహపు తునుకల పదును స్వల్పము గనుక అవి చాలినవి. ఇది తెలిసి చేసిన పని. రెండవ పొరపాటు, చిన్న ఫలకమును చూచుటకు సూక్ష్మదర్శినిని వాడినపుడు వెలుగు సూటిగాక శంకువువలె పెక్కు కోణములనుండి పడును. పదునైన అనునాదము కోణముతో జరుగును గావున రేఖ మొద్దుబారును. ఆ మొద్దుదనము అంచుల వలనిదో, కోణముల వలనిదో వేఱుచేసి చూచుకొనవలెను.

మఱి ఉపాయములు లేవా? కలవు. పెక్కు వరుసలకు చోటున్నచో పెక్కు వరుసలు వేయుట మొదటిది. చోటు లేనిచో పదును తక్కువై, తోడు అంతగా కోరని తునుకలను ఎన్నుకొనుట రెండవది. అంచుల చుట్టును వేఱు కొలతల తునుకలతో ప్రహరి కట్టి, ప్రాకివచ్చు వెలుగును లోనికి మరలించుట మూడవది. అంచు వరుసలలో శక్తిని మెల్లగా మ్రింగు నిరోధకములను పెట్టి, మరలివచ్చు అలను అణచుట నాలుగవది. బెన్ మంక్ రాడారు ఫలకములకు ఇట్టి మార్గమునే చెప్పెను. అయిదవది అందమైనది: తునుకలను సరళరేఖలో గాక వలయాకారముగా నిలుపుట. వలయమునకు మొదలు తుదలు లేవు గదా! కొలది తునుకలతోనే తుదలేని వరుస ఏర్పడును. 2022లో ఇట్టి వలయములను నిర్మించి, మిక్కిలి చిన్న చోటిలోనే పదునైన అనునాదమును సాధించిరి.

శ్రోతలారా! ఈ ప్రసంగమున నేను చెప్పదలచినది ఒక్కటే మాట. ఎన్ని వరుసలైన అనంతమగునను ప్రశ్నకు ఒక్క సంఖ్య సమాధానము కాదు. నీవు ఎంతటి సూక్ష్మమును కోరుదువో, అంతటి వరుసలు నీకు అనంతము. స్థూలమైన పనికి అయిదు చాలును. సూక్ష్మమైన పనికి నూఱును చాలవు. కావున ఫలకమును నిర్మించు విద్యార్థి తన వ్రాతలో తునుక కొలత, ఎడము, లోహము మాత్రమే చెప్పి ఊరకుండరాదు. వరుసలు ఎన్నియో, కిరణపు మచ్చ ఎంతయో, అనునాదపు పదును ఎంతయో, ఈ మూడింటిని కూడ చెప్పవలెను. చెప్పనిచో అతని ఫలితమును మఱియొకడు పోల్చి చూడజాలడు. పోల్చి చూడరాని ఫలితము విద్య కాదు.

భాస్కరాచార్యుని ఖహరము కల్ల కాదు. దానిని నమ్మి లెక్క చేయుట తప్పు కాదు. లెక్క ముగిసిన పిమ్మట కాగితమునుండి తల యెత్తి, చేతిలోని పలక అంచును ఒక్కమాఱు వ్రేలితో తడవి చూచుకొనకపోవుటయే తప్పు.